గోడ కుర్చీ వేసిన బడి

విచారణకు హాజరు కమ్మని నోటీసు అందడంతో కిలకిల టెక్నో స్కూలు మంగళవారం పొద్దున్నే ప్రార్థన ముగించుకుని, పిల్లల హాజరు వేసుకుని, పునాదితో సహా లేచి పాఠశాలల జవాబుదారీ కార్యాలయానికి నడిచి వచ్చింది. రెండంతస్తుల భవనం కాబట్టి సందుల్లోంచి కాకుండా పెద్ద రోడ్డు మీదుగా రావలసి వచ్చింది. వినాయకుడి ఊరేగింపుకి చేసినట్టే కరెంటువాళ్ళు ముందు నడుస్తూ వెదురుగడలతో తీగలు పైకెత్తి పట్టుకున్నారు. దారిలో రెండు పూలకుండీలూ ఒక కొళాయీ తప్ప ఇంకేమీ పోలేదు. పదింబావుకల్లా వచ్చి ఆఫీసు ముందు నిలబడింది. సూపరింటెండెంటు పర్వతాలు గారు ఇంకా రాలేదు కనుక అటెండరు దాన్ని బయటే ఉండమన్నాడు.

బడే స్వయంగా రావాలన్న నిబంధన వెనక చాలా ఆలోచన ఉంది. పూర్వం ఎవరి బిడ్డనైనా తోటిపిల్లలు ఏడిపించుకు తింటుంటే తల్లిదండ్రులు వెళ్ళి టీచర్ని అడిగేవారు. టీచరు ప్రిన్సిపాల్ని అడగమనేది. ప్రిన్సిపాలు కరస్పాండెంటు గారిని అడగమనేవాడు. "పిల్లల్ని చూసుకోవడం బడి బాధ్యతండీ, నాదెలా అవుతుంది?" అని కరస్పాండెంటు గారు కళ్ళజోడు తుడుచుకునేవారు. ముగ్గురు చెప్పిందీ విడివిడిగా నిజమేననీ, కాబట్టి ఆ బడినే పిలిచి అడగడం సబబనీ ఒక కమిటీ మూడేళ్ళు కూర్చుని తేల్చింది. అప్పట్నుంచీ బడులు వస్తున్నాయి. మొదట్లో జనం ఆగి చూసేవారు. ఇప్పుడు "కాస్త పక్కకి జరగమ్మా" అని హారన్ కొట్టుకుంటూ పోతున్నారు.

జూనియర్ అసిస్టెంటు వకుళకి మాత్రం చూసినప్పుడల్లా సరదాగానే ఉంటుంది. ఆమెకి పెళ్ళయి ఇరవయ్యొక్క రోజులయింది. ఈమధ్య కుక్కరు కూత కూడా ఆమె చెవికి ఇంపుగానే ఉంటోంది. వాళ్ళాయన చలపతి రోజూ క్యారియరు కట్టిచ్చి, మూత కింద ఒక చీటీ దాచిపెడతాడు. నిన్నటి చీటీలో ‘దొండకాయ వేపుడు మాడింది, వండినవాణ్ణి క్షమించు’ అని ఉంది. ఆమె నవ్వుకుంటూ మాడుతో సహా తినేసింది. పెళ్ళయిన వారానికి అతను కొనిచ్చిన, మూత చుట్టూ సన్నని బంగారు గీత ఉన్న ఇంకు పెన్నుని ఆఫీసులో ఇంకెవరినీ ముట్టుకోనివ్వదు.

ఆ పెన్నుతోనే ఆమె ‘మళ్ళీ మళ్ళీ వచ్చేవారి రిజిస్టరు’ రాస్తుంది. ఒకే ఫిర్యాదు మీద ఎవరు ఎన్నిసార్లు వచ్చారో పేరు పక్కన గుణకారం గుర్తు వేసి అంకె వెయ్యాలి. అయిదు దాటితే పర్వతాలు గారి లెక్కలో వాళ్ళు ‘అలవాటు పడ్డవాళ్ళు’. వాళ్ళ ఫైలు కట్ట అడుక్కి వెళుతుంది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని ఆయన మొన్న మెచ్చుకున్నారు కూడా.

గౌరీశ్వరి పేరు పక్కన ఏడు ఉంది. ఆమె బస్సు కండక్టరు. ఫైలు అడుక్కే వెళ్ళింది గానీ, బల్లలకి చెదలు మందు కొట్టడానికి మొన్న కట్టలన్నీ తిరగేసి పెట్టేసరికి అడుగుదే పైకొచ్చింది. అలా విచారణ ఖాయమయింది. గౌరీశ్వరి డ్యూటీ దిగి తిన్నగా ఖాకీ చొక్కాతోనే వచ్చింది. ఆమె టికెట్ల సంచి పట్టీని గట్టిగా పట్టుకుని కూతురు ఇందుజ నిలబడి ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల. నెల రోజులుగా ఇంటా బయటా ఒక్క మాట మాట్లాడటం లేదు.

"ఏమ్మా, మీ సారు ఇవాళైనా దిగుతారా, డిపోలోనే ఉన్నారా?" అంది గౌరీశ్వరి.

"వస్తున్నారండీ. బడి అయితే ముందే వచ్చేసింది," అంది వకుళ ఉత్సాహంగా.

"చూశాను. బస్సుకి అడ్డంగా నిలబడింది."

పర్వతాలు గారు వచ్చారు. బడి లోపలికి పట్టదు కాబట్టి విచారణ ఆవరణలో షామియానా కింద పెట్టారు. ఆయన ఫైలు విప్పి పైకి చదివారు. నాలుగో తరగతి బి సెక్షన్. అమ్మాయి తల్లి కండక్టరని తెలిసిన దగ్గర్నుంచీ, ఆ అమ్మాయి లేచి నిలబడితే చాలు, క్లాసంతా "రైట్ రైట్!" అని అరుస్తుంది. నోరు తెరిస్తే, బస్సు ఆపించినట్టు, "ఓల్డాన్!" అంటుంది. నీళ్ళు తాగడానికి వెళుతుంటే వెనక వరస కట్టి బస్సులా తోస్తుంది. ఒకసారి మెట్ల మీద తోశారు. మోచెయ్యి చీరుకుపోయింది.

"దీనికి నువ్వేమంటావు?" అని ఆయన బడిని అడిగారు.

బడి ప్రార్థన మైకులోంచి మాట్లాడుతుంది. "హలో, హలో, మైక్ టెస్టింగ్," అని గొంతు సవరించుకుంది. "మాకెవరూ చెప్పలేదు సార్. పిల్లలన్నాక ఏదో ఆడుకుంటారు. మా ఫలితాలు నూటికి నూరు."

రెండో అంతస్తు కిటికీలోంచి ప్రిన్సిపాలు తల బయటపెట్టాడు. "నేను కూడా చాలా బాధపడుతున్నానండీ. ఇది ఇలాంటి బడి అనుకోలేదు," అన్నాడు. పక్క కిటికీలోని టీచర్లు తలలూపుతూ బడి గోడలకేసి జాలిగా చూశారు. ఒకామె కిటికీ చట్రం తట్టి, "ఎంత పని చేశావే!" అంది.

ఎవరూ చెప్పలేదంటోంది కాబట్టి లోపలికి వెళ్ళి చూసి రమ్మని పర్వతాలు గారు వకుళని పంపారు. కొత్త పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని ఆమె రెండేసి మెట్లు ఎక్కింది. బడి నడిచొచ్చిన అలసటకి కాస్త ఊగుతోంది, అదీ బాగానే ఉంది. నాలుగో తరగతి బి సెక్షన్లో నల్లబల్ల కుడి మూల, ఒక గీతకి అవతల, ‘మాట్లాడినవాళ్ళ పేర్లు’ అని ఉంది. కింద ఒక్కటే పేరు. ఇందుజ ×14. దాని కింద ‘తుడపరాదు’.

వకుళకి తన చిన్నతనం గుర్తొచ్చింది. టీచరు లేనప్పుడు క్లాసు లీడరు సుద్దముక్క పట్టుకుని నిలబడేది. ఎవరు గుసగుసలాడితే వాళ్ళ పేరు బోర్డెక్కేది. మళ్ళీ మాట్లాడితే పక్కన రెండు, ఆ తర్వాత మూడు.

"లీడరు ఎవరు?"

రెండు జడలు మడిచి కట్టుకున్న పిల్ల బ్యాడ్జీ సరిచేసుకుని లేచింది. "నేనేనండీ. మైథిలి."

"ఇందుజ పద్నాలుగు సార్లు ఏం మాట్లాడింది?"

"టీచరుతో చెబుతానని లేచిందండీ. ఆమె లేస్తే వీళ్ళు రైట్ రైట్ అంటారు. క్లాసంతా గోల. మరి గోల ఎవరి వల్ల? లేచినామె వల్లే కదండీ!"

"మరి గోల చేసినవాళ్ళ పేర్లు రాయలేదేం?"

మైథిలి ఆమెని జాలిగా చూసింది. "అంతమందివి రాస్తే బోర్డు చాలదండీ."

"టీచరు చూడలేదా?"

"రోజూ చూస్తారండీ. దస్తూరి బాగుందని నన్నే మళ్ళీ లీడర్ని చేశారు."

నల్లబల్లని గోడ నుంచి ఊడదీసి కిందికి తెచ్చారు. మేకులు ఊడుతున్నప్పుడు బడి ఒకసారి ఇస్సుమంది. పర్వతాలు గారు బల్లకేసి చూసి, బడికేసి చూశారు. మైకు కాసేపు గురగురలాడింది.

"విన్నాను సార్," అంది బడి చివరికి. "పద్నాలుగు సార్లూ విన్నాను."

గౌరీశ్వరి కళ్ళు ఒక్కసారిగా నిండాయి. ఏడుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగింది ఈ ఒక్క మాట కోసమే.

శిక్షల పట్టిక తీశారు. బడికి ఏ శిక్ష వెయ్యాలో కమిటీకి తోచక, బడులు పిల్లలకి వేసే శిక్షలనే యథాతథంగా స్వీకరించింది. గుంజీలు తీయిస్తే సిమెంటు రాలుతుంది. బెంచీ ఎక్కిద్దామంటే అంత బెంచీ లేదు. భోజనం బెల్లు దాకా గోడ కుర్చీ వెయ్యమని పర్వతాలు గారు తీర్పిచ్చారు.

బడి వెనక్కి వెళ్ళి ఆఫీసు ప్రహరీకి వీపు ఆనించి, మెల్లగా మోకాళ్ళు వంచి, కుర్చీ లేని చోట కూర్చుంది. లోపల బెంచీలన్నీ ఒక పక్కకి జారాయి. వాటితోపాటు పిల్లలందరూ సర్రుమని జారారు. "మళ్ళీ! మళ్ళీ!" అని మూడు వందల గొంతులు కేరింతలు కొట్టాయి. ఎక్కాల పుస్తకాలూ టిఫిను డబ్బాలూ కిటికీలోంచి దొర్లిపడ్డాయి. ఒక టీచరు కూడా నవ్వింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వకుళకైతే చప్పట్లు కొట్టాలనిపించింది, కానీ సర్వీసు నిబంధనలు గుర్తొచ్చి కాలి వేళ్ళు మాత్రం ఆడించింది.

పావుగంటకి బడి మోకాళ్ళు వణకసాగాయి. ఎదురుగా ఉన్న కల్యాణ మండపం కిసుక్కున నవ్వింది. "ఏంటోయ్ ర్యాంకుల రాజా, కుర్చీ మెత్తగా ఉందా?" అంది. దాని పక్కన షాపింగ్ కాంప్లెక్సు, "నూటికి నూరు! నూటికి నూరు!" అని షట్టర్లు పైకీ కిందికీ కొడుతూ తాళం వేసింది. రోడ్డు చివర సినిమా హాలు ఈల వేసింది. కాసేపట్లో వీధి వీధంతా అందుకుంది.

"సార్," అంది బడి, మైకు గొంతు తగ్గించి, "వాళ్ళు నన్ను..."

"నువ్వు పట్టించుకోకు," అన్నారు పర్వతాలు గారు కాగితాల్లోంచి తల ఎత్తకుండా. "పట్టించుకోకపోతే వాళ్ళే ఊరుకుంటారు."

"ఊరుకోవడం లేదు సార్."

"వాళ్ళు నీతోనే ఎందుకు పెట్టుకుంటున్నారో ఒకసారి నువ్వే ఆలోచించుకో."

గౌరీశ్వరి కొంగు లేదు గనక ఖాకీ చేతితోనే ముఖం తుడుచుకుని, వకుళ చెవిలో అంది: "అచ్చం ఇవే మాటలమ్మా. అక్షరం పొల్లు పోలేదు. ఆ ప్రిన్సిపాలు మాతో అన్నాడు, ఈ బడిలోనే, ఆ రెండో గదిలోనే."

ఇందుజ వింటోంది. టికెట్ల సంచి పట్టీ వదిలేసింది. ఆవరణ దాటి, వణుకుతున్న బడి ముందుకి వెళ్ళి, వీధికేసి తిరిగి నిలబడింది. గుండెలనిండా గాలి పీల్చుకుంది.

"ఓల్డాన్!"

కల్యాణ మండపం నవ్వు మధ్యలో ఆగిపోయింది. కాంప్లెక్సు షట్టర్లు ఎక్కడివక్కడ నిలిచాయి. రోడ్డు మీద పోతున్న రెండు బస్సులు, దానికీ దీనికీ సంబంధం లేకపోయినా, కీచుమని ఆగాయి. సినిమా హాలు మాత్రం సన్నగా ఇంకో ఈల వేసింది.

"నీకే చెప్పేది! ఓల్డాన్ అన్నానా!"

సినిమా హాలు ఊరుకుంది.

"అది నా గొంతే," అంది గౌరీశ్వరి, ఏడుస్తూ నవ్వుతూ. "అచ్చం నా గొంతే! దొంగముండ, నెల్లాళ్ళు ఎక్కడ దాచిందో!"

భోజనం బెల్లు కొట్టారు. బడి లేచి నిలబడింది గానీ, ఆ ఇరుకులో వెనక్కి తిరగడం దానికి చేతకాలేదు. వచ్చేటప్పుడు ముందున్న కరెంటువాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. ఇందుజ బడి గేటు ఎక్కి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, బయటికి వేలాడుతూ చెయ్యి ఊపింది. "వెనక్కి రా... రా... ఇంకా రా... ఎడం పక్క స్తంభం ఉంది, చూసుకో... ఓల్డాన్! ఆ, ఇప్పుడు పోనీ. రైట్ రైట్!"

బి సెక్షన్ కిటికీల్లోంచి ఒకరిద్దరు "రైట్ రైట్" అన్నారు. ఈసారి ఆమె చెప్పిందని అన్నారు. తర్వాత బడంతా అంది. మైథిలికి ఎవరి పేరు రాయాలో తోచలేదు. రాయడానికి బోర్డు కూడా లేదు. పునాది ఈడ్చుకుంటూ, గేటుకి కండక్టరు వేలాడుతుండగా, కిలకిల టెక్నో స్కూలు మూడు వందలమందితో మలుపు తిరిగింది. గౌరీశ్వరి చెప్పులు చేతపట్టుకుని వెనక పరుగెత్తింది.

పర్వతాలు గారు ఉత్తర్వు రాయించారు. బడి పిలవగానే వచ్చినందుకు ‘స్పందించిన పాఠశాల’ అని గేటుకి బోర్డు పెట్టుకోవచ్చు. నల్లబల్ల సాక్ష్యం కింద ఆఫీసులోనే ఉంటుంది. కొత్తది వచ్చేవరకు మాట్లాడినవాళ్ళ పేర్లు గోడ మీద రాసుకోవాలి.

వకుళ క్యారియరు విప్పింది. చీటీలో, ‘ఇవాళ ఏ బడి వచ్చింది? సాయంత్రం అన్నీ చెప్పాలి, ఒక్క ముక్క వదలకూడదు’ అని ఉంది. చీటీని మడిచి, నిన్నటి చీటీతోపాటు పర్సులో పెట్టుకుంది. ఎవరైనా అలా అడిగితే ఎంత బాగుంటుందో అనుకుంటూ చెయ్యి కడుక్కుని వచ్చేసరికి బల్ల ముందు ఒకాయన నిలబడి ఉన్నాడు. పక్కన ఏడెనిమిదేళ్ళ కూతురు. పిల్లకి ఒక జడ పొడుగ్గానూ, ఒకటి చెవి దగ్గరికి ఎవరో కత్తిరించినట్టుగానూ ఉంది.

"కూర్చోండి," అంది వకుళ చల్లగా. "మొదటిసారేనా?"

"లేదండీ. పోయినవారం వచ్చాం. మళ్ళీ రమ్మన్నారు."

ఆమె రిజిస్టరు తెరిచింది. పేజీ పైన, ముత్యాల్లాంటి అక్షరాల్లో, గౌరీశ్వరి ×7. ఎదురుగా గోడకి ఆనించిన నల్లబల్ల మీద, సుద్దతో, ఇందుజ ×14. గుణకారం గుర్తు రెండింటిలోనూ ఒక్కలాగే, చక్కగా, ఏటవాలుగా ఉంది.

వకుళ పెన్ను ఒక క్షణం ఆగింది. మళ్ళీ రమ్మన్నవాళ్ళ పేర్లు రాయడానికి ఎక్కడైనా గడి ఉందేమోనని పేజీ అటూ ఇటూ తిప్పి చూసింది. లేదు. ఉన్నా, అంతమందివి రాస్తే రిజిస్టరు చాలదు.

ఆమె ఆయన పేరు అడిగి రాసుకుని, పక్కన ×2 వేసింది. ఇంకు కాసేపు తడిగా మెరిసింది. పెన్ను ఎంత హాయిగా నడుస్తుందో.