కుడి చెవికి ఆపరేషన్, ఎడమ చెవికి చుక్క

ఆ బుధవారం ఉదయానికి సుభద్ర వేసుకున్న పథకం చాలా సులువైనది. ఏడింటికల్లా ఢిల్లీ సరోజినీ నగర్ క్వార్టర్ నుంచి ఆటోలో ఆస్పత్రికి చేరాలి. తొమ్మిదింటికి భర్తను ఆపరేషన్‌కు పంపాలి. ఆయన తిరిగి వచ్చేదాకా బెంచీ మీద కూర్చుని భయపడాలి. వీటిలో చివరిది ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

1994 ఫిబ్రవరి, ఇంకా చలి వదలలేదు. సదాశివరావు ఒక మంత్రిత్వ శాఖలో స్టెనోగ్రాఫరు. నాలుగేళ్ళుగా కుడి చెవి మొరాయిస్తోంది, ఎడమ చెవి కూడా కొద్దికొద్దిగా దాని దారి పడుతోంది. పై అధికారి అయిన సాహెబుగారికి గదిలో పచార్లు చేస్తూ డిక్టేషన్ ఇవ్వడం అలవాటు. ఆయన ఎటు తిరిగితే అటు సదాశివరావు కుర్చీతో సహా ఎడమ చెవిని తిప్పుకుంటూ నెట్టుకొచ్చాడు. కిందటి నెల ఒక ఉత్తరంలో ఏకంగా ఒక పేరా ఎగిరిపోయింది. ఇంకొక్కసారి ఇలా జరిగితే రికార్డు రూముకు పంపేస్తానని సాహెబు తేల్చి చెప్పాడు. ఈ మాట మాత్రం స్పష్టంగా వినపడింది.

చెవిలోపల మూడు బుల్లి ఎముకలుంటాయనీ, వాటిలో చివరిది, బియ్యపు గింజకన్నా చిన్నది, బిగుసుకుపోయిందనీ సర్జన్ డాక్టర్ భరద్వాజ్ బొమ్మ గీసి చూపించారు. దాన్ని తీసేసి తీగముక్కంత పిస్టన్ పెడతారట. మత్తు చెవికి మాత్రమే, మనిషి మెలకువగానే ఉంటాడు. నూటికి ఒకరికి ఉన్న వినికిడి కూడా పోవచ్చు, అందుకే ఎక్కువ పాడైన కుడి చెవికి ముందు చేస్తామన్నారు. మిగతా తొంభై తొమ్మిది మంది సంగతి సుభద్రకు గుర్తులేదు. ఆ ఒక్కడే ఆమె కళ్ళముందు నిలబడిపోయాడు. ఏ పొరపాటునో మంచి చెవే పోతే ఆయన ఉద్యోగమూ పోతుంది, తన గొంతూ ఆయనకు ఇక వినపడదు. ఆ భయంతో ఆమెకు వారం రోజులుగా నిద్ర లేదు.

దీనికి తోడు ముందురోజు ఆయన ఆస్పత్రిలో చేరగానే, సాయంత్రం కాలనీ నుంచి ఏడుగురు వార్డుకు చూడడానికి వచ్చారు. ఎంత అదృష్టవంతుడండీ, గంటలో చెవులొచ్చేస్తాయట అని ఏడుగురూ ఒకే పాట పాడారు. అన్ని కళ్ళు పడితే చెవి మాట అటుంచి మనిషైనా నిలుస్తాడా అని సుభద్రకు గుబులు పట్టుకుంది. అందుకని ఆ ఉదయం ఫ్లాస్కుతో పాటు కాటుక డబ్బీ కూడా సంచీలో వేసుకుంది.

ఆమె వెళ్ళేసరికి సదాశివరావు నర్సు ఇచ్చిన మాత్ర మింగి జోగుతున్నాడు. ఇలాంటివి ఆయన చూస్తే ఒప్పుకోడు, బుగ్గన పెడితే డాక్టర్లు నవ్వుతారు. కుడి చెవి వెనక జూనియర్ డాక్టరు రాత్రే నీలిసిరాతో గుర్తు పెట్టి ఉన్నాడు. అది పొద్దుటి స్నానంలో సగం పోయింది. మిగిలింది ఎడమ చెవి. దాని వెనక, ఎవరికీ కనపడకుండా, కందిగింజంత దిష్టిచుక్క పెట్టి, దూది, గ్లవ్స్, సూదిమందు కొనుక్కురమ్మని నర్సు ఇచ్చిన చీటీతో ఆమె కిందకు దిగింది. మందుల షాపు దగ్గర ముప్పావుగంట పట్టింది.

తిరిగి వచ్చేసరికి వార్డు మంగలి దశరథ్ మంచం పక్కన నిలబడి కత్తి తుడుచుకుంటున్నాడు. సదాశివరావు తలకు ఎడమ పక్కన, చెవి పైన రెండు వేళ్ళ మేర నున్నగా మెరుస్తోంది. నల్లగా, గుండ్రంగా, శుభ్రంగా ఉన్న గుర్తును చూసి అతను తన పని తాను చేసుకుపోయాడు.

"ఇదేమిటండీ, మీరైనా చెప్పద్దూ?" అని ఆమె భర్త ఎడమ చెవి దగ్గర వంగి అడిగింది.

"పెద్దాస్పత్రి. వాళ్ళకు తెలీదంటావా?" అన్నాడాయన కళ్ళు తెరవకుండా. ఎదుటివాళ్ళు చెప్పింది రాసుకోవడమే గాని, అడ్డు చెప్పడం ఆయన ఉద్యోగంలో ఇరవై రెండేళ్ళుగా లేదు.

చుక్క సంగతి బయటపెట్టడానికి సుభద్రకు సిగ్గేసింది. బి.ఏ. చదివి, ఢిల్లీలో పదిహేనేళ్ళు కాపురం చేసి, ఆస్పత్రిలో కాటుక పెట్టానని చెప్పడమెలా? ఇది కాదు భయ్యా, అది అని మాత్రం అంది. దశరథ్ విసుక్కుంటూ కుడివైపు చూశాడు, సగం చెరిగిన సిరా కనపడింది. అచ్ఛా అని ఆ పక్కా గొరిగేశాడు. తరువాత పనిమంతుడు గనుక స్పిరిట్ దూదితో రెండు చెవుల వెనకా శుభ్రంగా తుడిచాడు. సిరా పోయింది, కాటుకా పోయింది. ఇప్పుడు రెండు చెవులూ కవలపిల్లల్లా ఉన్నాయి.

ఆమె నర్సు కోసం వెతికే లోపలే స్ట్రెచర్ వచ్చి ఆయన్ను తీసుకుపోయింది. కదలొద్దు, మాట్లాడొద్దు అని నర్సు దారిపొడుగునా ఆయనకు చెబుతూనే ఉంది.

ఆ నర్సు తిరిగి వస్తే చెబుదామని సుభద్ర గంటసేపు మంచం దగ్గరే కాచుకుంది. అప్పుడు పక్క క్వార్టరు నాగమల్లేశ్వరి ఇడ్లీలు పట్టుకుని వచ్చింది. సుభద్ర ఆమె చెయ్యి పట్టుకుని జరిగిందంతా చెప్పేసింది.

"ఊరుకోండి వదినగారూ, గుర్తు లేకపోతేనేం, ఫైలు చూసుకోరూ?" అంది నాగమల్లేశ్వరి. ధైర్యం చెప్పి, దిండు సర్ది మంచం మీద కూర్చోబోయింది. దిండు కింద ఫైలుంది.

ఇక సుభద్ర ఆగలేదు. ఫైలు గుండెకు అదుముకుని, చెప్పులు ఎక్కడ వదిలిందో తెలియకుండా పరుగెత్తింది. థియేటర్ తలుపు దగ్గర కూర్చున్న ఆయా అడ్డం లేచింది. ఫైలు తరువాత ఇద్దువుగానిలే, లోపల పని మొదలై చాలాసేపైందంది. ఆ మాటతో సుభద్రకు ఉన్న హిందీ కాస్తా ఎగిరిపోయింది. తలుపు మీద రెండు చేతులూ వేసి, ఏడుస్తూ, అచ్చ తెలుగులో అరిచింది.

"ఎడమది కాదండీ, కుడిది! ఆ చుక్క నేనే పెట్టాను బాబూ, దిష్టి తగలకుండా పెట్టాను. నా మూలాన ఆయన చెవి తీసెయ్యకండి!"

ఆయా ఆమెను రెక్క పట్టుకుని బెంచీ దాకా లాక్కొచ్చి కూలేసింది. అరగంట తరువాత స్ట్రెచర్ బయటికి వచ్చింది. సుభద్ర ఎదురెళ్ళింది. సదాశివరావు తలచుట్టూ, రెండు చెవులనూ కప్పేస్తూ, తెల్లటి కట్టు ఉంది. ఏ చెవికి చేశారో బ్రహ్మదేవుడికి కూడా తెలిసేట్టు లేదు. కళ్ళు మూసుకునే ఉన్నాడు. తల తిరుగుతుంది, పలకరించొద్దు అన్నారు వెంట ఉన్నవాళ్ళు. అంతా అయిపోయిందనుకుని సుభద్ర గోడకు ఆనుకుంది.

వెనకనే డాక్టర్ భరద్వాజ్ వచ్చారు. తలుపు దగ్గర ఏడ్చింది ఎవరని అడిగారు. నాగమల్లేశ్వరి ఇడ్లీల డబ్బాతో సహా రెండడుగులు వెనక్కి వేసింది. సుభద్ర చేతులు జోడించి, కాటుక దగ్గర్నుంచి ఫైలు దాకా వచ్చిన హిందీలో ఒప్పేసుకుంది.

డాక్టరుగారు ఓపిగ్గా విన్నారు. సిరా గుర్తులను తను ఎన్నడూ నమ్మననీ, ఫైలు కూడా రాలేదు గనుక బల్ల మీదే ట్యూనింగ్ ఫోర్కుతో మళ్ళీ పరీక్ష చేసుకుని కుడి చెవికే చేశాననీ చెప్పారు. కాని పిస్టన్ పెట్టాక ఆయన చెవి దగ్గర మెల్లగా అంకెలు చెబుతూ, వినపడుతోందా అని ఎన్నిసార్లు అడిగినా సదాశివరావు ఉలకలేదు, పలకలేదు. మాట్లాడొద్దని నర్సు చెప్పింది మరి. ఆ నూటికి ఒకడు ఈయనేనేమోనని డాక్టరుగారికి చెమటలు పట్టాయట.

"అప్పుడు ఆయనే నోరు తెరిచారు, బెహన్‌జీ. బయట మా ఆవిడ ఏడుస్తోంది, కాస్త ఊరుకోమనండి అన్నారు. మీరు అన్న ప్రతి మాటా హిందీలో నాకు అప్పజెప్పారు. ఎడమ చెవి అప్పుడు దిండులో కూరుకుపోయి ఉంది. విన్నది కుడి చెవే."

సుభద్ర స్ట్రెచర్ పక్కకు వెళ్ళి, కట్టు మీదుగా కుడివైపు వంగింది. ఊరికే ఏడ్చింది. "వినపడుతోందిలే," అన్నాడు సదాశివరావు కళ్ళు మూసుకునే. నాలుగేళ్ళలో ఆ వైపు నుంచి ఆయన బదులివ్వడం అదే మొదలు.

మూడో రోజున ఇంటికి పంపుతూ, ఆరు నెలల తరువాత ఎడమ చెవికి కూడా చేద్దామన్నారు డాక్టర్ భరద్వాజ్. ఆ రోజు తప్పక తేవలసినవి చీటీ మీద స్వయంగా రాసిచ్చారు: వినికిడి పరీక్ష కాగితం, రక్తపరీక్ష కాగితం, భార్య.