స్వయంవరం డబ్బా

ఆ రోజు పొద్దున గురునాథరావు పెట్టుకున్న పని చాలా చిన్నది. వంటింట్లో పురుగు పట్టిన సరుకులు మేడ మీద ఎండబెట్టి, జల్లించి, భార్య తిరిగొచ్చేలోగా డబ్బాల్లో సర్దేయాలి. స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ ముందు ముప్పై ఏళ్ళు నిలబడి రిటైరైన మనిషికి గాజువాక ఎండ ఒక లెక్కా? లెక్క కాకపోవచ్చు గానీ, పెళ్ళయ్యాక ఆయన జల్లెడ ముట్టుకోవడం అదే మొదలు.

దీనికంతటికీ బీజం ముందు రోజు భోజనాల దగ్గర పడింది. కోడలు సత్యశ్రీ యూనివర్సిటీలో పురుగుల మీద పరిశోధన చేస్తోంది. అవేవో వింత పురుగులు కావు, మన పిండిలో తిరిగే ఎర్రపురుగులే. ఎండలు ముదిరితే వాటి సంతానం ఏమవుతుందన్నది ఆమె చదువు.

"వేడి ఎక్కువైతే ముందు దెబ్బతినేది మగపురుగే అత్తయ్యా. పైకి బాగానే తిరుగుతుంది, పిల్లలు మాత్రం పుట్టవు" అంది సత్యశ్రీ, పెరుగు వేసుకుంటూ.

ఆదిలక్ష్మమ్మ చేతిలో గరిటె ఆగింది. "మీ మావయ్యది కొలిమి కాడ డూటీయే కదే. పెళ్ళయిన ఆరేళ్ళదాకా కడుపు పండకపోతే ఊరు ఊరంతా నన్నే అన్నాది. ఒక్కలైనా ఆ కొలిమిని అన్నేదు."

"మనుషుల సంగతి నాకు తెలీదత్తయ్యా, నావి ఉత్త పురుగులు" అని సత్యశ్రీ నవ్వింది. ఆదిలక్ష్మమ్మ కూడా నవ్వేసి చారు వడ్డించింది.

గురునాథరావు మాత్రం ఆ నవ్వులో కలవలేదు. ఆ ఆరేళ్ళూ తన తల్లి అన్న మాటలన్నీ విని, పేపరు వెనక మొహం దాచుకున్నవాడు ఆయనే. కొడుకు వెంకటేష్ పుట్టాక అందరూ మరిచిపోయారనుకున్నాడు. ఆమె మరిచిపోలేదు. కోడలు ఆ తరువాత చాలాసేపు మాట్లాడింది. మగపురుగు ఆడదాని వీపును కాళ్ళతో నిమిరి మెప్పిస్తుందన్న ముక్క ఒక్కటే ఆయన చెవికెక్కింది. అప్పుడు నిశ్చయించుకున్నాడు. మోకాళ్ళ నొప్పితో మేడ ఎక్కలేక, సరుకులు పాడవుతున్నాయని ఆదిలక్ష్మమ్మ ఎన్నాళ్ళుగానో బాధపడుతోంది. ఆ బాధ తీర్చేద్దాం!

పొద్దున్నే కోడలు యూనివర్సిటీకి వెళ్ళింది. కాసేపటికి ఆదిలక్ష్మమ్మ, "మధురవాడలో మా సెల్లి ఇంటికెళ్ళి, ఏసీలో ఓ పూట కూకుని వస్తాను" అని, బరువైన సంచీ ఒకటి పట్టుకుని బయల్దేరింది. ఫోను ఫ్రిజ్ మీద మరిచిపోయింది. గురునాథరావు లుంగీ ఎగ్గట్టాడు.

కింది అరలోని రెండు స్టీలు డబ్బాల మూతలు తీస్తే, పిండి దానంతటదే కదులుతోంది. మేడ మీద పాత చీర పరిచి పోశాడు. ఎండ చురుక్కుమనగానే పురుగులు బారులు కట్టి పిట్టగోడ వైపు పరుగెత్తాయి. మొండికేసినవాటిని జల్లించి పారేశాడు. మిగిలినవాటిని గోరింకలు చూసుకున్నాయి.

కింద వాటాలో ఉండే ఆటో నాగబాబు ఇదంతా చూసి, "ఏటి బావా, వొదినతో గొడవేటి?" అని అడిగాడు.

"గొడవ నేదు, ఏటీ నేదు. ఇకనించి ఈ పని నానే సేత్తాను" అన్నాడు గురునాథరావు. ఫర్నేసుకి అవార్డు వచ్చిన రోజున కూడా ఆయన అంత గర్వంగా మాట్లాడలేదు.

అప్పుడే సత్యశ్రీ ఫోను చేసింది.

"మావయ్యా, వంటింట్లో కింది అరలో నా డబ్బాలు రెండున్నాయి కదా, అత్తయ్య ఇచ్చిన స్టీలువి. లేబులో ఏసీ పాడైందని నిన్న తెచ్చాను. ఇల్లు వేడెక్కితే తడిగుడ్డ కప్పండి. ఎండ మాత్రం తగలనీకండి."

"తగిలితే ఏటవుద్దమ్మా?"

"అమ్మో! రెండేళ్ళ కష్టం మావయ్యా. ఒక డబ్బాలో తరతరాలుగా ఆడపురుగే తనకి నచ్చినవాణ్ణి ఏరుకుంది. రెండోదాంట్లో నేనే జతలు కుదిర్చాను. అత్తయ్య వాటికి స్వయంవరం డబ్బా, కుదిర్చిన డబ్బా అని పేర్లు కూడా పెట్టింది. ఎండని ఏ వంశం తట్టుకుంటుందో రేపే పరీక్ష."

గురునాథరావు పిట్టగోడ వైపు చూశాడు. వంశాలు రెండూ కలిసిపోయి పక్కింటి మేడ మీదికి వలస పోతున్నాయి. "అలాగేనమ్మా" అని మాత్రం అనగలిగాడు.

నాగబాబుకి చెబితే ఆయన తేలిగ్గా తీసిపారేశాడు. "పిండిపురుగుకి పేరా ఊరా బావా? వన్ టౌన్లో టోకు కొట్లున్నాయి. పద, కొత్తవి తెచ్చి పోసేద్దాం."

అది తప్పని గురునాథరావుకి తెలుసు. కానీ సాయంత్రం ఆ పిల్ల మొహం ఎలా చూడాలన్న భయం ముందు ఆ తెలివి నిలవలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని, పురుగుల్ని గుర్తుపట్టడానికి పేపరు చదివే భూతద్దం కూడా పట్టుకుని ఆటో ఎక్కాడు.

జగ్గారావు టోకు కొట్టు ముందు దిగి నేరుగా అడిగాడు. "పురుగు పట్టిన పిండి ఉందా?"

జగ్గారావు మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. "మా కొట్లో పురుగేటి బాబూ? ఎవులు సెప్పేరు మీకు?"

"ఒకలు సెప్పడమేల, నానే సూసుకుంటాను" అని గురునాథరావు భూతద్దం తీసి బస్తాలోకి తొంగి చూశాడు. ఎంత వెతికినా ఏమీ కనిపించలేదు. "ఒక్కటంటే ఒక్కటైనా నేదా?" అన్నాడు దిగులుగా.

ఆ దిగులు జగ్గారావుకి బెదిరింపులా వినబడింది. నాగబాబు సాయానికి వచ్చాడు. "సారుకి ఎర్రవి కావాలి. ఆడా మగా సమానంగా ఉండాలి. సాయంత్రానికల్లా యూనివర్సిటీ లేబోళ్ళకి సూపించాలి."

లేబు అన్న మాట వీధంతా పాకింది. తనిఖీ ఆఫీసరు వచ్చాడని చకచకా షట్టర్లు పడ్డాయి. దించడానికి వీల్లేనివాళ్ళు సోడాలు తెప్పించారు. గురునాథరావు, "నాకు మంచి పిండి వద్దు బాబూ!" అని మొత్తుకున్నకొద్దీ ఇంకా మంచి పిండి తెచ్చి ఆటోలో పెట్టారు. డబ్బులివ్వబోతే జగ్గారావు రెండు చేతులూ జోడించి, "పిల్లలు గలవాణ్ణి సార్" అన్నాడు. పురుగు కోసం వెళ్ళినవాడు మచ్చుకైనా పురుగు లేని పిండి మూడు సంచులతో ఇంటికొచ్చాడు.

సాయంత్రం సత్యశ్రీ వచ్చేసరికి మామగారు మేడ మీద, నెత్తిన తువ్వాలుతో, పిట్టగోడ పగుళ్ళలో భూతద్దం పెట్టి వెతుకుతున్నాడు. పక్కన గాజు గ్లాసులో నాలుగైదు పురుగులు.

"అమ్మా, నీ వంశాల్లో ఈపాటి దొరికేయి" అన్నాడు. గ్లాసు తీసి చేతిలో పట్టుకున్నాడు. "మీ అత్తయ్యకి సాయం సేద్దామనుకున్నాను. ఆ ఆరేళ్ళూ నాను నోరిప్పనేదు. ఇప్పవలసింది. దానికి ఇదేదో సేసి, నీ రెండేళ్ళూ ఎండబెట్టేసేను."

సత్యశ్రీ మెట్టు మీద కూలబడింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. అయినా లేచి ఆయన చేతిలోంచి గ్లాసు తీసుకుని, "ముందు నీడలోకి రండి మావయ్యా, వడదెబ్బ తగులుతుంది" అంది. ఆ మాటకి ఆయనకి ఇంకా ఏడుపొచ్చింది.

ఇద్దరూ కిందికి దిగేసరికి ఆదిలక్ష్మమ్మ గుమ్మంలో చెప్పులు విడుస్తోంది. సంచీలోంచి తడి తువ్వాలు చుట్టిన రెండు స్టీలు డబ్బాలు తీసి కోడలి చేతిలో పెట్టింది.

"ఇదిగో నీ స్వయంవరం. ఇదిగో కుదిర్చింది. మనింట్లో ఉడికిపోతన్నాయని మా సెల్లి ఏసీ గదిలో పెట్టి తెచ్చేను. ఫోన్ సేద్దామంటే ఫోనేది?"

సత్యశ్రీ మూతలు తీసి చూసింది. పురుగులు నిక్షేపంగా తిరుగుతున్నాయి. డబ్బాలు పట్టుకునే అత్తగారిని కావలించుకుంది.

"మరి నాను ఎండబెట్టిందేటి?" అన్నాడు గురునాథరావు.

"మన పిండే. వీటి సోట్లో మన డబ్బాలు రెండు జరిపేను. అన్నీ ఒక సెట్టువే కదా" అని ఆదిలక్ష్మమ్మ జల్లించి పెట్టిన పిండిని పిడికిట్లోకి తీసుకుని వేళ్ళ సందుల్లోంచి జారనిచ్చింది. ఒక్క పురుగు లేదు. ఇంకో పిడికెడు తీసి చూసింది.

సత్యశ్రీ ఉండబట్టలేక, మామగారు మేడ మీద ఆరేళ్ళ గురించి అన్న మాట చెప్పేసింది. ఆదిలక్ష్మమ్మ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. "ఇప్పుడన్నారు కదా, సాల్లే" అంది మెల్లగా.

ఆమె కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపుకుంది. ఎవరూ చెప్పకుండానే గురునాథరావు అలమరలోంచి బామ్ తీసుకొచ్చి, కింద కూర్చుని ఆమె మోకాలు నిమరడం మొదలుపెట్టాడు. సత్యశ్రీ ఒక నిమిషం వాళ్ళిద్దర్నీ చూసి, డబ్బాలు గుండెకి హత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"బాగుందా?" అని అడిగాడు గురునాథరావు.

"బాగుంది" అంది ఆదిలక్ష్మమ్మ కళ్ళు మూసుకుని. "అటక మీద కందిపప్పు డబ్బాలు ఇంకో నాలుగున్నాయి."