పదహారు కోర్ల పెద్ద సరుకు

ఆ బుధవారం ముత్యాలయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. పొద్దున్నే ముత్తుకూరు ఆఫీసుకు పోవడం, కొత్త సర్వర్ కొటేషన్ మీద సంతకం గీకేయడం, మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరి చేపల పులుసు తినడం. రొయ్యల ఎగుమతి కంపెనీకి ఇరవై రెండేళ్లుగా సరుకు కొంటున్న మనిషి. గుంట గట్టు మీద నిలబడి గుప్పెడు రొయ్యలు చేతిలోకి తీసుకుంటే చాలు, కిలోకి ఎన్ని తూగుతాయో చెప్పేసేవాడు. ఆ పేరు చూసే యజమాని పెంచలకృష్ణ కంప్యూటర్ల కొనుగోలు కూడా ఆయన నెత్తిన పెట్టాడు.

"ఏడు బ్రాంచీల లెక్కలు ఒక్క సర్వర్ మీద నడవాల. ఉండేవాటిలో పెద్దది కొను. ఇది గాని చెడిందా, మళ్లీ గుంట గట్టుకే పోతావు," అని ముందు రోజే చెప్పాడు.

గుంట గట్టంటే ఎండ, బురద, మోకాళ్ల నొప్పులు. ఏసీ గదికి అలవాటుపడ్డ ముత్యాలయ్య సంతకానికి తీసిన పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. పోనీ అడుగుదామంటే, ఆఫీసులో కంప్యూటర్లు తెలిసిన ఒకే ఒక్క మనిషి క్యాథరిన్ మేనకోడలి బాప్తిస్మానికి బిట్రగుంట పోయింది. ఫోన్ ఎత్తడం లేదు. కొటేషన్‌లో మూడు ప్రాసెసర్లున్నాయి: తొంభై ఆరు కోర్లది, ముప్పై రెండు కోర్లది, పదహారు కోర్లది. కళ్లజోడు తుడిచి మళ్లీ చూసినా అంకెలు మారలేదు. చేసేది లేక, సర్వర్లు అమ్మే నరేంద్రబాబుకు చెన్నైకి ఫోన్ కొట్టాడు.

"కోరంటే ఏంది సామీ?"

"ప్రాసెసర్‌లో పనిచేసే ముక్క సార్. అన్నీ ఒకే చిప్పులో ఉంటాయి."

"మూడు చిప్పులూ ఒకే సైజా?"

"పైకి ఒకటే సైజు సార్."

ముత్యాలయ్య ముఖం వెలిగిపోయింది. ఒకే సైజులో తొంభై ఆరు కుక్కితే ఒక్కోటి ఎంతుంటుంది? కిలోకి తొంభై ఆరు తూగే రొయ్యంటే చిటికెన వేలంత. పదహారే తూగిందంటే అరచెయ్యి నిండుతుంది! పైగా ముక్కకింత అని చూస్తే పదహారుదే ఖరీదు. ఇంకా అనుమానమా?

"పదహారుది పంపించు. నాకు పిల్ల సరుకు అంటగట్టాలని చూడబాక."

"సార్, ఏడు బ్రాంచీలంటున్నారు, ఒకసారి ఆలోచించి..."

"ఇరవై రెండేళ్ల నుంచి ఆలోచిస్తానే ఉండా. పంపు."

ఆర్డరు మెయిల్ వెళ్లిపోయింది. నరేంద్రబాబు నిట్టూర్చి, "అది బాగా వేడెక్కుతుంది సార్, వచ్చేలోపు గది చల్లగా పెట్టుకోండి," అన్నాడు.

చల్లదనం సంగతి రొయ్యల మనిషికి ఒకరు చెప్పాలా! వెంటనే ఐసు ఫ్యాక్టరీకి కబురు పోయింది. అరగంటలో ఫ్యాక్టరీ మనిషి పరంజ్యోతి నలభై ట్రేల దంచిన ఐసు తోలుకొచ్చి సర్వర్ గదిలో గుట్టలు పోయించాడు.

"అన్నా, సర్వర్లకు నేనెప్పుడూ ఐసు తోలలా," అన్నాడు భయంగా.

"అందుకే నువ్వింకా ఐసు అమ్ముకుంటా ఉండావు," అన్నాడు ముత్యాలయ్య.

పదకొండుకల్లా ఐసు కరిగి, నీళ్లు నేలమీది ప్లగ్గుల పెట్టెలోకి చేరాయి. ఠప్పుమంది. ఆఫీసంతా చీకటి, పాత సర్వర్ మూగబోయింది. బిల్లు రాక గేటు దగ్గర రొయ్యల లారీలు ఆగిపోయాయి. సరుకు మెత్తబడుతోందని డ్రైవర్లు గోల పెడితే, మిగిలిన ఐసును ముత్యాలయ్యే స్వయంగా బక్కెట్లతో లారీలకు మోశాడు. పంచె మోకాళ్ల దాకా తడిసింది. సరిగ్గా అప్పుడే యజమాని కారు లోపలికొచ్చింది.

"ఏందియ్యా ఇదంతా?" అని కేకేసి, ఆర్డరు కాగితం లాక్కుని చూశాడు పెంచలకృష్ణ. "పెద్దది కొనమంటే పదహారుది కొంటివా? తొంభై ఆరు కనబడలా?"

"అది పిల్ల సరుకయ్యా. పదహారే పెద్దది."

పెంచలకృష్ణ కూడా రొయ్యల మనిషే కాబట్టి, నిజమేనన్నట్టు ఒక్క క్షణం తల ఊపేశాడు. తర్వాత అనుమానమొచ్చి నరేంద్రబాబుకు ఫోన్ చేశాడు. ఎన్ని కోర్లుంటే అంత పెద్దదని వినగానే ఆయన ముఖం ఎర్రబడింది.

"రేపట్నుంచి గట్టు మీదికి పో!"

ముత్యాలయ్యకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇంతలో పంతొమ్మిది మిస్డ్ కాల్స్ చూసుకుని బిట్రగుంట నుంచి పరిగెత్తుకొచ్చిన క్యాథరిన్ ఆటో దిగింది. పట్టుచీరతోనే నీళ్లలో నడిచొచ్చి ఆర్డరు చదివింది.

"పదహారు అని ఎవరు తేల్చినారు?"

ముత్యాలయ్య బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు.

"అన్నా, బతికించినావు! మన సాఫ్ట్‌వేర్ వాళ్లు ఒక్కో కోరుకు ఇంతని లైసెన్సు డబ్బు గుంజుతారు. తొంభై ఆరు కొనుంటే రొయ్యలమ్మిందంతా వాళ్లకే కట్టాల. మన పనికి కోర్లు తక్కువైనా ఒక్కోదానికి వేగం ఉండాల. ఇదే కొనమని చెప్పేదానికే ఉరికొచ్చినా. నీకెట్లా తెలిసిందన్నా?"

"అది... ఒక్కోటి పెద్దదిగా ఉంటదనీ..."

"అదే మరి! ఒక్కోటీ గట్టిది!" అంది క్యాథరిన్.

పెంచలకృష్ణ ముత్యాలయ్యను తడి పంచెతోనే వాటేసుకున్నాడు. "నీ చెయ్యి ఎప్పుడు తప్పిందయ్యా! రేపట్నుంచి కంప్యూటర్ సెక్షన్‌కు హెడ్డు నువ్వే."

హెడ్డయ్యాక ఎవరినీ ఏమీ అడగడానికి వీల్లేదు గనుక, తాను ఎందుకు నెగ్గాడో ముత్యాలయ్యకు ఇప్పటికీ తెలియదు.