వినదగిన ఆల్బం

న్యూజిలాండులోని లోవర్ హట్ తెలుగువారు జాజ్ సంగీతానికి చేసిన మహోపకారం ఇంతవరకు ఏ చరిత్రకూ ఎక్కలేదు. ఆ లోటు తీర్చడం మన విధి.

ఆ ఊళ్లో శాక్సఫోన్ వాయించే నిరుపమ తన తొలి ఆల్బం విడుదల చేసింది. ఒక సంగీత పత్రిక దాన్ని ఆ నెల వినదగిన కొత్త జాజ్ ఆల్బములలో చేర్చింది. ఆమె తండ్రి ఈశ్వరరావు ఈ వార్తను తన ఫోనులో ఉన్న ప్రతి వాట్సాప్ గ్రూపుకూ పంపాడు. ఆల్బం మాత్రం వినలేదు. "తీరిగ్గా వింటానమ్మా, ఎక్కడికి పారిపోతుంది?" అనేవాడు. అందులో చివరి పాట ఆయన కోసమే చేసింది. పొద్దున్నే వెల్లింగ్టన్ రైలుకు పరుగెత్తుతూ ఆయన తీసే కూనిరాగమే దాని పల్లవి. నాన్న ఒక్కసారి వింటే చాలునని ఆ పిల్ల ఆశ.

ఇంతలో తెలుగు సంఘం అధ్యక్షులు వీరరాఘవయ్య గారు రంగంలోకి దిగారు. "మన పిల్ల ఆల్బం వేసిందంటే ఆవిష్కరణ సభ జరక్కపోతే ఎలా? పుట్టిన పిల్లకి బారసాల ఉండొద్దూ!" అన్నారు. సభలో చివరి పాట వినిపిస్తే చాలంది నిరుపమ. నాన్న సభలో ఎలాగూ కదలకుండా కూర్చోవాలి. "దానికేం భాగ్యం!" అన్నారు అధ్యక్షులు.

సభ దివ్యంగా జరిగింది. బ్యానరు వేసినవాడు జాజ్ అన్నది అచ్చుతప్పనుకుని 'జాజి ఆల్బం' అని సవరించాడు. దానికి తగ్గట్టు మంగతాయారు ఆంటీ శాక్సఫోనుకు పూలదండ వేశారు. నల్లటి రికార్డుకు శాస్త్రోక్తంగా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టారు. మధ్యలో చిల్లు ఉందేమిటని ఒకాయన బాధపడితే, డిస్కౌంటులో వచ్చి ఉంటుందని మరొకాయన ఓదార్చాడు.

ముఖ్య అతిథి మధుబాబు గారు మైకు అందుకున్నారు. "ఈ ఆల్బం వినే భాగ్యం నాకింకా కలగలేదు. అందువల్ల నిష్పక్షపాతంగా చెప్పగలుగుతున్నాను. ఇది అద్భుతం!" హాలు చప్పట్లతో మారుమోగింది. మంగతాయారు ఆంటీ జాజిపూల గుణాలు సెలవిచ్చారు. వీరరాఘవయ్య గారు రెండే రెండు మాటలు చెబుతానని లేచి, తాము సంఘాన్ని స్థాపించిన వృత్తాంతం మొదలుపెట్టారు. అది ఒక కొలిక్కి వచ్చేసరికి హాలు కాపలాదారు తాళాలు గలగలలాడిస్తూ గుమ్మంలో నిలబడ్డాడు.

"సమయాభావం వల్ల వందన సమర్పణా, పాటా రెండూ రద్దు చేస్తున్నాం," అని అధ్యక్షులు ప్రకటించారు. వందన సమర్పణ ఈశ్వరరావుది. నెలనుంచీ బట్టీపట్టిన కాగితాన్ని ఆయన మడిచి జేబులో పెట్టుకున్నాడు. భోజనాలకు సమయాభావం వర్తించదు కనుక పులిహోర యథావిధిగా సాగింది.

నిరుపమకు కడుపు మండిపోయింది. పాట కోసం పెట్టిన రికార్డరు ఉపన్యాసాలన్నీ పట్టుకుంది. వాటిని ఇంటికి తెచ్చి ముక్కలు చేసి, మధ్యమధ్య శాక్సఫోన్ వాయించి, చివర నాన్న కూనిరాగం మళ్లీ పెట్టి, 'సమయాభావం' అనే రెండో ఆల్బం వేసింది. పండితులు పొంగిపోయారు. ఒకరు చెప్పేది మరొకరు వినకుండా ఇంత స్వేచ్ఛగా సాగిన బృందం జాజ్ లోకంలోనే లేదని పత్రిక రాసింది. ఆ ఆల్బమూ వినదగినదే అయింది.

మళ్లీ సభ. ఈసారి ఉపన్యాసాలు లేవు, ఎందుకంటే ఉపన్యాసాలు ఆల్బంలోనే ఉన్నాయి. హాలంతా ఊపిరి బిగబట్టి వింది. చంటిపిల్లలు ఏడిస్తే బయటికి తీసుకుపోయారు. తమ గొంతు రాగానే ఎవరికి వారు వీడియో తీయించుకుని, అది అయిపోగానే భోజనాల వైపు నడిచారు. చివరి పాట వచ్చేసరికి కుర్చీలో మిగిలింది ఈశ్వరరావు ఒక్కడే. ఆయన కళ్లు మూసుకుని, మెడ ముందుకు చాచి, ఆఖరి స్వరం దాకా విన్నాడు. నిరుపమ పరుగున ఆయన దగ్గరికి వచ్చింది.

"ఎలా ఉంది నాన్నా?"

"ఉపన్యాసాలు అమోఘం తల్లీ. మధ్యలో ఆ బూర లేకపోతే ఇంకా బాగుండేది. అవునూ, నాది ఎక్కడా రాలేదేం?"

"చివరిది నీదే నాన్నా."

"అందులో మాటల్లేవుగా!" అని నిట్టూర్చి ఆయన లేచాడు. పులిహోర పొట్లం పట్టుకుని కారు వైపు నడుస్తూ, అలవాటు ప్రకారం ఆ కూనిరాగమే తీశాడు.

తమ పేరు ఎక్కడైనా వస్తుందేమోనని ఇంతదాకా ఓపిగ్గా చదివిన పాఠకులు మన్నించాలి. సమయాభావం.