ఎడమ చేతి అర్జీ

బూర్గంపాడులో బోర్డులు రాసే ఖయ్యూం ఆ పొద్దున అనుకున్న పనులు పెద్దవేమీ కావు. తొమ్మిదింటికల్లా సన్మాన పత్రం బడికి పంపాలి. తర్వాత మందుల షాపు బోర్డుకు రెండో కోటింగు వేయాలి. సాయంత్రం నాలుగింటికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ప్రమీల టీచర్ రిటైర్మెంటు సభకు వెళ్లాలి.

బోర్డులు కాక ఖయ్యూం జనానికి రాసిచ్చే కాగితాలు రెండే రకాలు. ఒకటి అర్జీ, రెండోది సన్మాన పత్రం. పత్రమన్నాక ప్రతి పేరా "ఓ" అంటూ మొదలవ్వాలి. ఓ జ్ఞాన చంద్రికా, ఓ కరుణా సముద్రమా. చివర్లో హిమాలయం రావాలి. ఇరవై ఏళ్లలో ఆ మండలంలో హిమాలయం కాకుండా రిటైరైన మనిషి లేడు. సొసైటీ గోదాం వాచ్‌మన్ కూడా హిమాలయమే. ఖయ్యూం చేసేదల్లా పేరు మార్చడం.

ప్రమీల టీచర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం పేరు మార్చడానికి అతనికి చేయి రాలేదు. తనకు అక్షరం నేర్పిన మనిషి. రేపు సామాను సర్దుకుని ఖమ్మం వెళ్లిపోతోంది. మనసులో మాట ఇవాళ చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేడు. అందుకని మొదటిసారి ఏ "ఓ" లేకుండా తనకు తోచినట్టు రాశాడు.

భార్య ఖమరున్నీసా కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

"మహీన్ అబ్బా, చంద్రుడేడి?"

"లేడు."

"హిమాలయం?"

"అది గూడ లేదు."

"టీచరమ్మను పట్టుకొని నువ్వు అని రాసినవేంది?"

"మూడో తరగతిల గట్లనే పిలిచిన."

ఆమెకు నచ్చలేదు. అయినా కూతురు మహీన్‌ను బడిలో దింపుతూ కవరు తీసుకెళ్లి హెడ్మాస్టరు జంపయ్య చేతిలో పెట్టింది. "నేను చెప్పి చూసిన సార్. ఆయన వింటలేడు," అని కూడా చెప్పి వచ్చింది.

జంపయ్య మంచివాడే. కాకపోతే ముప్పై ఏళ్లుగా సర్క్యులర్లు చదివీ చదివీ, ఏ కాగితాన్నయినా మూడు లైన్లకు మించి చదివే ఓపిక పోయింది. ఈ కాగితంలోనూ మూడే చదివాడు. "మూడో తరగతిల నువ్వు నన్ను కొట్టినవ్ టీచర్. ఈత బరికెతోని. ఎడమ చేతి మీద." పైన "ఓ" లేదు. ఖయ్యూం దగ్గర్నుంచి వచ్చిన కాగితంలో "ఓ" లేదంటే అది అర్జీయే, అందులో అనుమానం లేదు. రిటైరయ్యే రోజున కంప్లయింటు వస్తే పింఛను ఫైలు ఉన్నచోటే ఉండిపోతుంది.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని, టీచర్‌కు ఫోన్ చేసి సంగతి మెల్లగా చెప్పాడు.

"కొట్టిన మాట నిజమే సార్," అంది ఆమె. "పాపం, ఇన్నేండ్లు మనసుల పెట్టుకున్నడా. ఏ మొఖం పెట్టుకొని సభకు రావాలె? నేను రాను."

అప్పటికే టెంటు వేశారు. వందమందికి పులిహోర కలుపుతున్నారు. జంపయ్య కాలు నిలవక పోస్టుమాస్టరు సీతయ్యను వెంటబెట్టుకుని బయల్దేరాడు. వాళ్లు ఖయ్యూం దుకాణం చేరేలోపే అప్పట్లో ఖయ్యూం చేయి విరిగిందనీ, భద్రాచలం దవాఖానాలో కట్టు కట్టించారనీ పుకారు టిఫిన్ సెంటర్ దాకా పాకిపోయింది.

"ఖయ్యూం, ఆ కాగితం వాపస్ తీసుకో," అన్నాడు జంపయ్య.

హిమాలయం లేదని వచ్చారనుకున్నాడు ఖయ్యూం. "తీసుకోను సార్. ఎన్నో ఏండ్ల సంది రాద్దామనుకుంటున్న. ఇయ్యాల్టికి ధైర్యం వచ్చింది."

"మనసుల ఏమన్న ఉంటే కూసొని మాట్లాడుకుందాం," అన్నాడు సీతయ్య. "పదిమందిల ఎందుకు పెట్టుడు?"

"పదిమందిల చదవాలెననే గదా అన్నా రాసింది."

జంపయ్య దగ్గరికి జరిగాడు. "పైకి గూడ పంపినవా ఏంది?"

"ఇంకా లేదు సార్. పేపరుకు పంపుదామనుకుంటున్న."

జంపయ్య అక్కడున్న రంగు డబ్బా మీదే కూలబడ్డాడు. సీతయ్య గొంతు తగ్గించి, "నువ్వు రాసింది తెలిసి టీచరమ్మ సభకు రానంటున్నది," అన్నాడు.

ఆ మాటతో ఖయ్యూం చేతిలో కుంచె ఆగిపోయింది. పద్ధతి తప్పి రాసినందుకు టీచర్‌కు అంత కోపం వచ్చిందా అని ప్రాణం ఉసూరుమంది. ఇక వాదించలేదు. పావుగంటలో చంద్రికనూ సముద్రాన్నీ హిమాలయాన్నీ తెచ్చి మామూలు పత్రం రాసిచ్చేశాడు.

అర్జీ వాపసైందని బతిమాలితే ప్రమీల టీచర్ వచ్చి వేదిక మీద కూర్చుంది. జంపయ్య పత్రం చదివాడు. హిమాలయం దగ్గర అలవాటుగా చప్పట్లు పడ్డాయి. ఖయ్యూం వెనక వరసలో తల దించుకున్నాడు.

టీచర్ లేచి మైకు అందుకుంది. "ఇది అందరికీ రాసేదే. ఖయ్యూం నాకు రాసింది వేరే ఉన్నది. జంపయ్య సార్, మీ దగ్గరున్న ఆ కాగితం ఇటియ్యండి."

"మేడం, అది వాపసైంది."

"నా తప్పు నేనే చదువుకుంట."

మూడు లైన్లు గట్టిగానే చదివింది. నాలుగో లైను దగ్గర గొంతు తగ్గింది.

"ఎడమ చేత్తోని రాస్తున్ననని కొట్టినవ్.
పగటీలి అన్నం బెల్లుకు నా పక్కన కూసొని
నువ్వు గూడ ఎడమ చేత్తోని రాసి చూసినవ్.
అక్షరాలు వంకరపోయినయ్. నవ్వినవ్.
మళ్ల నా చెయ్యి మీద దెబ్బ పడలే.
ఇయ్యాల ఈ ఊరి బోర్డులన్నీ
ఆ చెయ్యే రాస్తున్నది."

"ఇది అర్జీ గాదా?" అన్నాడు జంపయ్య నెమ్మదిగా.

"కవిత సార్," అన్నాడు ఖయ్యూం.

"మరి 'ఓ' ఏది?"

టీచర్ కళ్లు తుడుచుకుని పెన్ను అడిగింది. దాన్ని ఎడమ చేతిలోకి మార్చుకుని, కాగితం అడుగున వంకరటింకరగా "అందింది" అని రాసి, సంతకం చేసి, తేదీ వేసింది. కాగితం తన సంచిలో పెట్టుకుంది. ఖయ్యూం ఇస్త్రీ చొక్కా చేతితోనే ముఖం తుడుచుకున్నాడు.

మర్నాడు దుకాణం తెరిచేసరికి సీతయ్య నిలబడి ఉన్నాడు.

"వచ్చే నెల నా రిటైర్మెంటు. నాకు ఆ హిమాలయం వద్దు, టీచరమ్మకు రాసినట్టే రాయి. కొట్టినవ్ అని సురువు చెయ్యి."

"నువ్వు నన్ను ఎన్నడూ కొట్టలేదు గదా అన్నా."

సీతయ్య దుకాణం గోడ మీది క్యాలెండరు చూశాడు.

"ఇంకా నెల టైమున్నది గదా," అన్నాడు.