పద్నాలుగు పేజర్లు, ఒక తొట్టి

మార్చి మొదటి మంగళవారం ఊరి సభ. వెర్మాంట్ కొండల్లో ఆ రోజు ఊరంతా హాల్లో చేరి, రోడ్డు మీద పొయ్యాల్సిన కంకర దగ్గర్నుంచి బడి కప్పు దాకా అన్నిటికీ చేతులెత్తి తీర్పు చెప్పేస్తారు. ఆ పొద్దున ఎల్విన్ థిబో రెండు పనులు పెట్టుకున్నాడు. ముప్ఫై అయిదేళ్ల ముసలి ఫైరింజను బదులు కొత్తది కొనడానికి ఊరిని ఒప్పించడం మొదటిది. మంటలార్పే దళానికి నాయకుడు ఆయనే, జీతం లేని కొలువు. ఇంటి వెనక, పాకం కాయడానికి మేపుల్ చెట్ల నుంచి పట్టే నీటి తొట్టి పొర్లిపోకుండా చూసుకోవడం రెండోది. రాత్రి మంచు, పగలు ఎండ కావడంతో చెట్లు ధారగా కారుతున్నాయి.

రెండో పనిని కంప్యూటర్‌కి అప్పగించాడు. ఊళ్లో ఎక్కడ మంట లేచినా ఫోను వచ్చేది ఆయనింటికే. అప్పుడు ఒక్క మీట నొక్కితే చాలు, దళంలో పద్నాలుగు మంది పేజర్లూ మోగేలా పోయిన చలికాలం రెండు నెలలు కూర్చుని ఓ స్క్రిప్టు రాశాడు. ఇప్పుడు తొట్టిలో ఓ తేలే బెండు వేసి, దానికి తీగ కట్టి కంప్యూటర్‌కి కలిపాడు. బెండు పైకి తేలితే తన పేజర్ ఒక్కటే మాటిమాటికీ మోగాలి. కొత్తది రాయడమెందుకని పాత స్క్రిప్టునే నకలు తీసి, మీట బదులు బెండని మార్చాడు. నంబర్ల పట్టీలో దళాన్ని తీసేసి తన నంబరొక్కటే ఉంచడం కాఫీ తాగొచ్చి చేద్దామనుకున్నాడు. కాఫీ మాత్రం తాగాడు.

ఇంట్లో ఫోను దగ్గర ఎనభై నాలుగేళ్ల అత్తగారు ఒడీల్‌ని కూర్చోబెట్టాడు.

"ఫోను మోగితే ఈ మీట నొక్కండి అత్తయ్యా. అంతే."

"మీట నొక్కడానికి పాఠాలు కూడానా అల్లుడూ. పోయి నీ సభ చూసుకో."

హాల్లో ఇంజను సంగతి వచ్చేసరికి పాడి రైతు మర్ల్ స్టాక్‌వెల్ లేచాడు. ఏ ఖర్చుకైనా అడ్డం పడటం ఆయన అలవాటు.

"కొత్త ఇంజను దేనికయ్యా? ఈ ఊళ్లో ఆఖరుసారి అంటుకున్నది నా చుట్ట."

హాలంతా నవ్వింది. ఎల్విన్ మనసులో లెక్క వేసుకున్నాడు. తన దళం చేతులు పద్నాలుగు ఉంటే గట్టెక్కుతాం, లేకపోతే మునిగాం. సమాధానం చెబుదామని లేచాడు. ఒకదాని వెనక ఒకటి పద్నాలుగు జేబులూ మోగాయి.

వెళితే ఓటు పోతుంది. వెళ్లకపోతే ఎవరిల్లో కాలిపోతుంది. ఎల్విన్ ఉపన్యాసం మింగేసి పరిగెత్తాడు, పదమూడు మందీ వెనకే.

ఇంజను మూడో ప్రయత్నానికి కదిలి, హాలు ముందున్న ఎత్తు మీద బురదలో కూరుకుపోయింది. అందరూ దిగి తోశారు. కిటికీల్లో ఊరి ముఖాలన్నీ కనబడుతున్నాయి. మంట ఎక్కడో తెలియాలంటే అత్తగారినే అడగాలి. వైర్‌లెస్‌లో పిలిస్తే జవాబివ్వడం ఆవిడకి రాదు. అందుకని ఇంజను ఎల్విన్ ఇంటికే పోయింది.

"మంట ఎక్కడత్తయ్యా?"

ఒడీల్ ఊలు అల్లడం ఆపలేదు. "పొయ్యిలో."

"మరి మీట ఎందుకు నొక్కారు?"

"ఎవరు నొక్కారు? ఫోనూ మోగలేదు, నేనూ నొక్కలేదు."

ఏ ఊలు బంతో మీట మీద పడుంటుందనుకుని ఎల్విన్ దళాన్ని వెనక్కి తిప్పాడు. సరిగ్గా హాలు ముందుకి వచ్చేసరికి పేజర్లు మళ్లీ మోగాయి.

"అన్నా, మీ అత్తగారికి మనల్ని విడిచి ఉండబుద్ధి కావట్లేదు," అన్నాడు బండి నడిపే రాడ్నీ.

"నిజంగానే మంటైతే? తిప్పు."

మళ్లీ బురద, మళ్లీ తోపు, కిటికీల్లో మళ్లీ ముఖాలు. ఈసారి ఒడీల్ రెండు చేతులూ పైకెత్తి చూపించింది. "ఇవిగో చేతులు. ఇప్పుడు చూస్తూ కూర్చోండి."

చూస్తూ నిలబడ్డారు. ఎవరూ ముట్టుకోకుండానే కంప్యూటర్ కీచుమంటూ తనంతట తనే నంబర్లు తిప్పడం మొదలెట్టింది. జేబులు మోగాయి. ఎల్విన్ మెల్లిగా వెనక కిటికీ వైపు తిరిగాడు. తొట్టి అంచుల మీదుగా నీరు మంచులోకి కారిపోతోంది.

రాడ్నీ కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు. "అంటే మమ్మల్ని పిలిచింది నీ చెట్లా అన్నా?"

తీగ పీకేసి, మోకాళ్ల దాకా బురదతో హాలుకి తిరిగొచ్చేసరికి ఊరు భోజనాల్లో ఉంది. ఎల్విన్ భార్య లోర్నా చిక్కుళ్ల పళ్లెం చేతికిచ్చింది.

"ఓటు అయిపోయింది."

"ఎన్ని చేతుల తేడాతో ఓడిపోయాం?"

"ఓడిపోలేదు. మర్లే లేచాడు. 'ఆ శవాన్ని వీళ్లు కొండెక్కించడం రెండుసార్లు చూశాను, మూడోసారి నా వల్ల కాదు, కొనిపడెయ్యండి' అన్నాడు."

ఎల్విన్ పళ్లెం పట్టుకుని కూర్చున్నాడు. ఇంతలో మర్ల్ అటు బల్ల దగ్గర్నుంచి కేకేశాడు. "ఇంతకీ ఎవరింట్లోనయ్యా మంట?"

పదమూడు మందీ పళ్లేల్లోకి చూసుకున్నారు. సభ ముగిసేలోగా ఏ ఓటునైనా తిరగతోడొచ్చు. ఎవరిదో పొగగొట్టం అంటుకుందని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. ఎల్విన్ లేచి నిలబడ్డాడు.

"ఎక్కడా మంట లేదు. నా తొట్టి నిండింది. నంబర్లు మార్చడం మర్చిపోయాను."

మర్ల్ మూతి తుడుచుకుని లేచాడు.

"అయితే మళ్లీ ఓటు పెట్టాలి."

ఎల్విన్ కళ్లు మూసుకున్నాడు.

"తొట్టి నిండితేనే ఇంత పరుగు పరిగెత్తారంటే, కొంప అంటుకుంటే ఆగుతారా? ఇంజను కొనండి. ఒక్క షరతు మాత్రం కలపండి. పేజర్లు ఇకమీదట మనిషి మోగించాలి. ఎల్విన్ కంప్యూటర్ వాటి జోలికి రాకూడదు."

ఇంజనుకీ షరతుకీ కలిపి ఊరంతా చేతులెత్తింది. అందరికంటే ముందు లేచిన చెయ్యి ఎల్విన్‌ది.