అద్దంలో ఓడలు

ఆ ఉదయం తజుకో పెట్టుకున్నది చిన్న పని. ఓడరేవు ఊరు ఒనోమిచిలో దిగి, కొండమెట్ల దారిలో ఆ సెలూన్ వెతికి, దాని అద్దంలో ఓడలు చూసి, సాయంత్రం రైలుకి నగానోలో ఇంటికి వెళ్ళిపోవడం. ఇంత దూరం ఆమెను లాక్కొచ్చింది పళ్ళ డాక్టరు దగ్గర పాత పత్రికలో ఆ సెలూన్ గురించి చదివిన ఒక పేజీ వ్యాసం. రాసింది ఎవరో హయసేట. క్షవరం కుర్చీలో కూర్చుంటే అద్దంలో మన చెవి పక్కనుంచి ఓడలు సాగిపోతాయట.

"ఓడలు చూడాలంటే సముద్రమే చూడొచ్చుగా! అద్దంలో చూడ్డానికి ఆరుగంటలు రైల్లో కూర్చుంటావా?" అన్నాడు భర్త, ఆమె బయల్దేరేటప్పుడు.

"చెవి పక్కన ఎట్లా ఉంటాయో చూడొద్దూ!" అంది తజుకో.

సెలూన్ దొరికింది. యజమాని ఇనోకుమ ఆమె చేతిలో ఎర్ర పెన్సిలు గీతలున్న వ్యాసం పేజీ చూశాడు; రాసినవాళ్ళ దిద్దుబాట్లే అనుకున్నాడు. తజుకో "ఈ వ్యాసం..." అంటూ వంగి నమస్కరించింది. అంతే.

"హయసేగారా! మీరేనా!"

"అయ్యో, నేను కాదండీ!"

"రాతలో ఎంత అణకువో మనిషిలోనూ అంతే!" అంటూ కుర్చీలో కూర్చోబెట్టి ఫోన్ అందుకున్నాడు.

తజుకో ఆత్రంగా అద్దంలోకి చూసింది. ఎదుటి ఎండుచేపల కొట్టు గోడ, దానికి ఓడ బొమ్మ క్యాలెండరు.

"ఓడలేవండీ?"

"రాసింది మీరు, నన్నడుగుతారేంటి! మూడేళ్ళుగా నేనూ వెతుకుతున్నా. మీ వ్యాసం చదివి వచ్చినవాళ్ళు ఉసూరుమంటున్నారని ఆ క్యాలెండరు తగిలించా."

ఈలోగా వర్తక సంఘం అధ్యక్షుడు షియోమి తీపి బన్నులతో దిగాడు. ఎండుచేపల కొట్టామె ఓకేయ్ పొట్లంతో పరిగెత్తుకొచ్చింది. "మా కొట్టు గురించీ ఒక్క ముక్క రాయండమ్మా. అద్దంలోంచి వాసనొస్తుందని రాసినా సరే!"

అరగంటలో తజుకో సంఘం హాల్లో మైకు ముందు నిలబడి ఉంది. ఆమె "నేను కాదు" అన్నప్పుడల్లా చప్పట్లు. చివరికి గొంతు పెంచింది. "నేను లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతాను. బతుకులో ఒక్క వ్యాసం రాయలేదు!"

షియోమి కళ్ళు తుడుచుకున్నాడు. "దుప్పట్లు ఉతుకుతూ ఇంత రాశారా తల్లీ!"

చప్పట్లతో పైకప్పు అదిరింది. అప్పుడు వెనక బెంచీలోంచి ఒక బక్కపలచటి మనిషి లేచాడు.

"ఆవిడ చెప్పేది నిజం. హయసే నేనే. ఈ ఊరు రావడం ఇదే మొదలు. మ్యాపు చూసి రాశాను. క్షమాపణ చెప్పుకోడానికి వచ్చాను."

"ఊరు చూడకుండా అంత బాగా ఎవడు రాస్తాడయ్యా? కూర్చో!" అని షియోమి కసిరాడు.

నమ్మింది తజుకో ఒక్కతే. సందు చూసుకుని ఆయన దగ్గరికి వెళ్ళింది. "మరి ఓడలు ఎట్లా తోచాయండీ?"

"ఆసుపత్రిలో నాలుగు నెలలున్నాను. మంచం ఎదుట అద్దం. అందులో ఎప్పుడూ గోడే. దాని బదులు ఓడ కనబడితే బాగుండుననుకున్నాను."

తజుకోకి ఆరుగంటల రైలు దండగ అనిపించలేదు. ఇంకా ఏదో అడగబోతుంటే షియోమి అడ్డొచ్చాడు. "రచయిత్రిగారిని విసిగించకు. సంతకం కావాలంటే వరసలో నిలబడు!"

పదకొండోవాడిగా వంతు రాగానే, హయసే తన వ్యాసం మీద తజుకో చేత హయసే అని సంతకం చేయించుకున్నాడు.